కప్పు తరువాత, ముందు కోచ్ బాకీ

ఈసారి పోస్టు పొడుగే, ఓపిక చేసుకుని చదవండి. వచ్చే ఆదివారం సంఘం కూడుతోంది. పొంగల్ టోర్నమెంటుకు మన జట్టు సంగతి తేల్చాలి. అక్కడ మైకు మన చేతికి వచ్చేసరికి అందరికీ ఇంటికి వెళ్లే తొందర ఉంటుంది. అందుకే చెప్పాల్సింది ఇక్కడే చెప్పేస్తున్నాం.

ఆదివారం రెండు మాటలు ముందుకు వస్తాయి. ఒకటి, కోచ్‌ని మార్చాలి. మారిస్తే నాలుగేళ్లలో నాలుగో మనిషి అవుతాడు. రెండు, ఘాట్ ఎక్కి కేరళ వైపు సెవెన్స్ ఆడే కుర్రాళ్లలో ఐదుగురిని మ్యాచికింత అని మాట్లాడుకుని తేవాలి. పోయిన పొంగల్‌కు మొదటి మ్యాచిలోనే ఓడి ఇంటికి వచ్చాం, ఇంకోసారి ఊళ్లో తల దించుకోలేం అని వాదన. ఆ ఓటమి మమ్మల్నీ బాధపెట్టింది. అయినా ఈ రెండు మాటలకూ మేం ఒప్పుకోం.

ఎందుకో చెప్పాలంటే మన కంబం దాటి కాస్త దూరం వెళ్లాలి. ముందు కోయంబత్తూరుకు, తరువాత హైదరాబాదుకు. రెండూ మనకు పరాయి ఊళ్లు కావు. కోయంబత్తూరు చుట్టుపక్కల మనలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్లు ఎందరో. హైదరాబాదు మాట చెప్పనక్కర్లేదు, మనం చూడకపోయినా మన భాష ఊరు. ఈ రెండు ఊళ్లలో ఒక్కో ఫుట్‌బాల్ క్లబ్ మూడేళ్ల తేడాలో దేశంలోని పెద్ద కప్పు గెలిచింది. ఈ రోజు వెళ్లి వెతికితే రెండు ఊళ్లలోనూ ఆ క్లబ్ లేదు.

ముందు కోయంబత్తూరు కథ. చెన్నై సిటీ అనే క్లబ్ పేరుకే చెన్నైది, ఆడింది కోయంబత్తూరు నెహ్రూ స్టేడియంలో. ఐ-లీగ్‌లో మొదటి రెండేళ్లు కిందివరసలోనే గడిచాయి. 2018-19 సీజన్‌కు సింగపూరు కోచ్ అక్బర్ నవాస్ చేతిలో జట్టు పెట్టారు. స్పెయిన్ నుంచి పెద్ద పేరేమీ లేని ఆటగాళ్లను తెచ్చారు. పెద్రో మాంజీ, నెస్టర్ గొర్డిల్లో, సాండ్రో రోడ్రిగెజ్ లాంటివాళ్లు. వాళ్ల పక్కన మన తమిళనాడు కుర్రాళ్లను నిలబెట్టారు. ఎడ్విన్ సిడ్నీ, రొమారియో జేసురాజ్, అజిత్ కుమార్ అలా ఆడినవాళ్లే. మాంజీ ఒక్కడే ఆ సీజన్‌లో 21 గోల్స్ కొట్టాడు. 2019 మార్చి 9న చివరి మ్యాచిలో మినర్వా పంజాబ్‌ను 3-1తో ఓడించి, ఈస్ట్ బెంగాల్ కంటే ఒకే ఒక్క పాయింటు ఎక్కువతో కప్పు ఎత్తారు. ఆ మ్యాచిలో రెండు గోల్స్ కొట్టింది వెనక నిలబడి కాపు కాసే గౌరవ్ బోరా.

ఆటగాళ్ల ఎంపిక, కోచ్ ఎంపిక, రెండూ సరిగ్గా కుదిరితే ఎలా ఉంటుందో చూపించిన ఏడాది అది. స్విట్జర్లాండులోని బాసెల్ క్లబ్ కూడా వచ్చి ఇందులో 26 శాతం వాటా తీసుకుంది.

ఆ తరువాత ఏమైంది? అదే 2019లో ఎడ్విన్ చెన్నైయిన్‌కు వెళ్లిపోయాడు. గొర్డిల్లో ఇక్కడి ఒప్పందం ఉండగానే ఇంకోచోట సంతకం పెట్టాడని దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య అతన్ని నాలుగు నెలలు ఆడకుండా ఆపింది. మరుసటి సీజన్ మధ్యలో మాంజీ జపాన్ వెళ్లాడు. 2020లో రొమారియో గోవాకు, అజిత్ కుమార్ బెంగళూరుకు. నవాస్ కూడా వెళ్లిపోయాడు. పోయినవాళ్ల చోట నిలబడేవాళ్లు కింద తయారుగా లేరు. 2020-21 తరువాత ఆ క్లబ్ ఐ-లీగ్‌లో మళ్లీ కనపడలేదు. కప్పు ఎత్తిన రెండేళ్లకే.

ఆటగాళ్లు వెళ్లడం తప్పు కాదు. మంచి ధర పలికితే ద్రాక్ష ఏ మండీకి పోవాలో రైతే చూసుకుంటాడు. ఆటగాడికీ అదే న్యాయం, వాడి కాళ్లకు వయసు తక్కువ. తప్పు ఎక్కడంటే, గుత్తి కోసుకున్నాక మళ్లీ కత్తిరించి, ఎరువేసి, పందిరి చూసుకునేవాడు లేకపోవడం.

ఇప్పుడు హైదరాబాదు. ఇది ఇంకా పెద్ద కథ, ఇంకా చేదు కథ.

2019లో పుణె క్లబ్ మూతపడితే దాని చోట హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఆగస్టులో క్లబ్ ప్రకటించారు, అక్టోబరులో సీజన్. కోచ్‌గా ఫిల్ బ్రౌన్‌ను పెట్టారు. ఇంగ్లండులో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కు ఎక్కించిన పెద్ద పేరు. ఐనా జట్టు మీద జట్టు గోల్స్ కొట్టి పోయింది. 2020 జనవరిలోనే ఆయన్ను పంపేశారు. ఆ సీజన్ 18 మ్యాచుల్లో రెండే గెలుపులు, పది జట్లలో పదో స్థానం. తప్పంతా బ్రౌన్‌దే అని మేం అనం. రెండు నెలల్లో పోగుచేసిన జట్టును ఎవరి చేతికిచ్చినా అంతే.

తరువాత ఆల్బర్ట్ రోకా అన్నారు. ఆయన కొత్త సీజన్ మొదలు కాకముందే, 2020 ఆగస్టులో, బార్సిలోనా పిలిస్తే వెళ్లిపోయాడు. అప్పుడు హడావుడిగా వచ్చినవాడు మనోలో మార్క్వెజ్. స్పెయిన్ మొదటి డివిజన్‌లో లాస్ పాల్మాస్‌కు కోచ్‌గా వెళ్లి కొన్ని వారాలకే దిగిపోయిన మనిషి. కాగితం మీద చూస్తే బ్రౌన్ ముందు ఈయన పేరు చిన్నది. కానీ హైదరాబాదు ఈయనకు మూడు సీజన్లు ఇచ్చింది. తేడా అంతా అక్కడే ఉంది.

ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి ఇరవై ఏళ్ల కుర్రాళ్లను బెంచి మీద కూర్చోబెట్టకుండా వారం వారం ఆడించాడు. మొదటి ఏడాది ఐదో స్థానం, కొద్దిలో ప్లేఆఫ్ తప్పింది. ఎవరూ ఆయన్ను తీసెయ్యలేదు. రెండో ఏడాది నైజీరియా ఆటగాడు ఒగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవా ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్.

ఆ రాత్రి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కుమిళి దాటితే అంతా పసుపు చొక్కాలు. మన పక్కన ఏలకుల తోటల్లో పనికి వెళ్లివచ్చే కుర్రాళ్లు కూడా సగం మంది బ్లాస్టర్సే. 68వ నిమిషంలో రాహుల్ కేరళకు గోల్ కొట్టాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. తవోరా పేరున్న ఆటగాడు కాదు, మధ్యలో బెంచి మీంచి లేచి వచ్చినవాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. హైదరాబాదు పేరు కప్పు మీద పడింది. మ్యాచులన్నీ కరోనా వల్ల గోవాలోనే జరిగాయి కాబట్టి, పాపం, గచ్చిబౌలి జనం ఆ ఏడాది సొంత మైదానంలో తమ జట్టును ఒక్కసారి కూడా చూడలేదు.

మరుసటి సీజన్‌లో రెండో స్థానం. 2023లో మనోలో గోవా క్లబ్‌కు వెళ్లాడు. ఒగ్బెచె పోయాడు. ఆకాశ్ మిశ్రా ముంబయి వెళ్లాడు. ఇదంతా ఏ క్లబ్‌కైనా జరిగేదే. కానీ హైదరాబాదులో ఇంకొకటి జరిగింది. జీతాలు ఆగాయి. జీతాల బాకీలు తీర్చలేదని ఫిఫా కొత్త ఆటగాళ్ల నమోదును ఆపేసింది. అంటే క్లబ్ సంతలోకి వెళ్లినా కొనడానికి వీల్లేదు. కొత్త కోచ్‌గా వచ్చిన ఐర్లండు మనిషి కోనర్ నెస్టర్ సీజన్ మధ్యలోనే వెళ్లిపోయాడు. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే విమానం ఎక్కారు. చింగ్లెన్‌సానా సింగ్, నిఖిల్ పూజారి బెంగళూరు చేరారు. మిగిలిన పిల్లలను వెంటబెట్టుకుని థాంగ్బోయ్ సింగ్తో అనే కోచ్ సీజన్ లాక్కొచ్చాడు. మనోలో పక్కన సహాయకుడిగా పనిచేసిన మనిషే ఆయన. 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, చివరి స్థానం. కప్పు ఎత్తిన రెండేళ్లకు.

2024లో యజమాని మారాడు. అప్పటికి ఆలస్యమైంది. 2024-25లో చివరి నుంచి రెండో స్థానం, మధ్యలో కోచ్ మార్పు. 2025లో ఆ క్లబ్‌ను ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. హైదరాబాదు పిల్లలు పెంచుకున్న పాట, కట్టుకున్న జెండా ఇంట్లో మిగిలాయి, జట్టు పోయింది.

ఈ రెండు కథల్లో మాకు కనపడేది ఒక్కటే. రెండు క్లబ్బులూ మంచి ఆటగాళ్లను పట్టాయి, మంచి కోచ్‌ను పట్టాయి. అంటే మనం ఆదివారం తేల్చుదామనుకుంటున్న రెండు పనులూ వాళ్లు మనకంటే వందరెట్లు బాగా చేశారు. ఐనా నిలబడలేదు. ఎవర్ని తేవాలి అన్నది రెండో ప్రశ్న. తెచ్చినవాడికి ఇచ్చిన మాట ఎన్నాళ్లు నిలుపుకోగలం, వాడు పోతే కింద ఎవడు ఉన్నాడు అన్నది మొదటి ప్రశ్న. మొదటిదానికి జవాబు లేకుండా రెండోదానికి పరుగెత్తితే కప్పు వచ్చినా క్లబ్ మిగలదు.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా హైదరాబాదులోనే ఉంది, డెబ్భై ఏళ్ల కిందటిది. సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును ఆయన నడిపిన రోజుల్లో ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. దేశపు జట్టుకు కూడా ఆయనే కోచ్. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, ఆయన్ను ఇంటికి పంపకుండా ముందు వరసలో నిలబెట్టాడు. ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1 గెలుపులో ఒక గోల్ ఆ జర్నైల్‌దే. తన ఆటగాడు ఏ చోట ఏం చేయగలడో ఏళ్ల తరబడి చూసిన కోచ్‌కే అలాంటి ధైర్యం వస్తుంది. నిన్న వచ్చినవాడికి రాదు. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

రహీం సాబ్ గొప్పతనం గురించి సినిమా కూడా వచ్చింది, చాలామంది చూశారు. మనం గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఆ జట్టు పోలీసు జట్టు. ఆటగాళ్లు శాఖ ఉద్యోగులు. గెలిచినా ఓడినా నెల తిరిగేసరికి జీతం. ఇంటి చింత లేనివాడు మైదానంలో కుదురుగా ఆడతాడు. కోచ్ ఏళ్ల తరబడి ఒకడే, జీతం ఖాయం, కొత్త కుర్రాళ్లు ఊరి మైదానాల నుంచే. ఈ మూడూ ఉన్నచోట కప్పులు వాటంతట అవే వచ్చాయి.

పెద్ద దేశాల్లో మాత్రం వేరే లెక్కా? మాంచెస్టర్ యునైటెడ్‌కు ఫెర్గూసన్ 1986 నవంబరులో వచ్చాడు. లీగ్ గెలిచింది 1993లో. మన సంఘమైతే ఆ మధ్యలో కనీసం ఐదుగురిని మార్చి ఉండేది. ఫెర్గూసన్ దిగాక 2013లో అదే క్లబ్ మోయెస్‌కు ఆరేళ్ల ఒప్పందం రాసిచ్చి పది నెలలకే పంపేసింది. అప్పటినుంచి కోచ్ మీద కోచ్, కోట్ల మీద కోట్లు, లీగ్ గెలుపు మాత్రం తిరిగి రాలేదు. డబ్బున్నవాళ్లకే ఓపిక లేకపోతే ఇలా ఉంటే, డబ్బూ లేని మనకు ఓపిక కూడా లేకపోతే ఏం మిగులుతుంది?

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, ఐనా రాస్తున్నాం.

మనం తీసేద్దామంటున్న కోచ్‌కు ఆగస్టు నుంచి మనం డబ్బు ఇవ్వలేదు. పెద్ద మొత్తం కాదు, బండికి పెట్రోలు ఖర్చు, సాయంత్రం పిల్లలకు అరటిపండు, గుడ్డు. ఆయన అడగలేదు. అడగలేదు కాబట్టి మనకు గుర్తు రాలేదు. ఆయన ముందున్న ఇద్దరూ వెళ్లిపోయింది ఆట రాక కాదు, మన లెక్కలు తేలక. పోయినసారి ఓడిన జట్టులో పదకొండు మందిలో నలుగురు వారానికి ఒక్కరోజు కూడా ప్రాక్టీసుకు రానివాళ్లు. వాళ్లు జట్టులోకి ఎలా వచ్చారో కోచ్‌ని అడగొద్దు, మన పెద్దల ఫోన్లను అడగండి. ఆటగాళ్ల ఎంపిక మనం చేసి, ఓటమి ఆయన మీద వేయడం న్యాయం కాదు. ఈ తప్పులో మాకూ వాటా ఉంది, ఆ ఫోన్లలో ఒకటి మాది.

గుడి పండగకు తలకట్టుకింత అని వరి వేస్తే మనలో ఒక్క ఇల్లు బాకీ పెట్టదు. బాకీ పెడితే మరుసటి ఏడు మర్యాద దక్కదని భయం. పిల్లలకు ఆట నేర్పేవాడికి బాకీ పెడితే ఎవరి మర్యాద పోదా?

"కప్పు గెలిస్తేనే చందా వస్తుంది, చందా వస్తేనే పిల్లలకు బూట్లు వస్తాయి" అని ఒక అన్న వాదన. కొట్టిపారేసే మాట కాదు. దుకాణాల వాళ్లు గెలిచే జట్టు చొక్కా మీదే పేరు వేయించుకుంటారు. కానీ లెక్క వేసి చూడండి. ఐదుగురిని ఘాట్ దింపి, మ్యాచి మ్యాచికీ కూలి, భోజనం, బస ఇస్తే అయ్యే ఖర్చుతో, బయట ఉన్న కోచ్ బాకీ తీర్చి, వచ్చే ఏడాదంతా ఆయనకు నెలనెలా ఇవ్వగలం. కప్పు వచ్చినా ఆ ఐదుగురు ఆ రాత్రి బస్సుకే కుమిళి ఎక్కుతారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల జీవనం అది. మరుసటి పొంగల్‌కు వాళ్లే మన ఎదుటి జట్టులో ఉంటారు. ఆ ఐదుగురి కోసం గట్టు మీద కూర్చోబెట్టిన మన పిల్లలు మాత్రం ఆ తరువాత మైదానానికి రారు. సెల్‌ఫోను వాళ్లను పిలుస్తూనే ఉంది.

ఇంకో మాట కూడా వినిపిస్తోంది, సంఘం జట్టులో సంఘం పిల్లలే ఉండాలని. దీనికీ మేం ఒప్పుకోం. రోజూ సాయంత్రం మన పిల్లలతో మట్టిలో దొర్లే తమిళ పిల్లలు, తురక వీధి పిల్లలు ముగ్గురు నలుగురు ఉన్నారు. వాళ్లు మన జట్టే. పరాయివాడంటే వేరే భాష మాట్లాడేవాడు కాదు, ఆట అయిపోగానే కనపడకుండా పోయేవాడు. రహీం సాబ్ జట్టులో ఏ ఇంటి భాష ఎవరిదో ఎవరూ అడగలేదు.

ఆదివారం మేం పెట్టబోయే మాటలు ఇవి. మొదటిది, కోచ్ బాకీ పొంగల్‌కు ముందే మొత్తం తీర్చాలి, నెలనెలా ఐదో తేదీలోపు ఇవ్వాలి, ఆ లెక్క గుడి లెక్కతో పాటే చదవాలి. రెండోది, ఆయనకు మూడేళ్లు రాసివ్వాలి. మధ్యలో ఎన్ని ఓడినా తీసేసే మాట ఎత్తకూడదు. మూడోది, జట్టులో ఎవరుండాలో ఆయనే చెప్పాలి, మన ఫోన్లు ఆగాలి. నాలుగోది, పద్నాలుగేళ్లలోపు పిల్లలకు వేరే జట్టు కట్టాలి. బయటి ఆటగాళ్లు అసలే వద్దనడం లేదు. కావాలనుకుంటే ఒక్కడిని తెద్దాం, కానీ పొంగల్ రోజున కాదు, మూడు నెలల ముందే తెచ్చి పిల్లలతో ఆడనిద్దాం. వాడి నుంచి మనవాళ్లు నాలుగు నేర్చుకుంటారు.

ఇవన్నీ చేసినా ఈ పొంగల్‌కు మళ్లీ ఓడొచ్చు. ఉత్తమపాళయం, చిన్నమనూరు జట్లు మనకంటే గట్టివి, దాచుకోవడం ఎందుకు. ఓడితే కాసేపు బాధపడదాం, ఆ సాయంత్రమే పిల్లలకు వడ, టీ ఇప్పించి ఇంటికి తెచ్చుకుందాం. కొత్త తీగ నాటిన నెలకే గుత్తి ఏదని అడిగే రైతు మన లోయలో లేడు. పిల్లల విషయంలో మాత్రం ఎందుకు అడుగుతున్నామో ఆదివారానికి ముందు ఒక్కసారి ఆలోచించండి.

వ్యతిరేకంగా చెప్పేవాళ్లు ఉంటే ఇక్కడే చెప్పండి, కోపం లేదు. ఆదివారం అందరూ రండి. కోచ్‌ని కూడా పిలుద్దాం. ఆయన గురించి ఆయన లేనప్పుడు తేల్చే అలవాటు ఇకనైనా మానుకుందాం.